మూడవ పట్టా

మాకు రెండు పట్టాలు గలవు. ఒకటి సంస్కృతమునకు, రెండవది ఆంగ్లమునకు వచ్చినవి. ఆ రెండును మా హాలులో పడమటి గోడమీద అద్దపు చట్రములలో వ్రేలాడుచు, ఏటేట సంక్రాంతికి ముందు దుమ్ము దులిపించుకొనుచుండును. ఇప్పుడు చెప్పబోవునది మూడవ పట్టా సంగతి. దీనిని ఏ విశ్వవిద్యాలయమును మాకీయలేదు. ఇది మా వసారాలో ఎనిమిదడుగుల బల్లమీద సన్నని మేకులతో బిగింపబడి యున్నది. రైలు పట్టా, అందులోను బొమ్మరైలు పట్టా.

నలువదియైదవ యేట బొమ్మరైలేమి, ఈ పంతులకు మతి చలించినదా యని చదువరులు శంకింపవచ్చును. మా తల్లిగారును అట్లే శంకించిరి. "పిల్లలు పెద్దవాళ్లవుతుంటే నువ్వు చిన్నవాడివవుతున్నావేమిరా" అని ఆమె యడిగిన ప్రశ్నకు మాయొద్ద ఇప్పటికిని సరియైన సమాధానము లేదు.

రెండు వేసవుల క్రిందట మా బావమరిది అమెరికానుండి వచ్చుచు మా పిల్లలకొక పెట్టె తెచ్చెను. అందొక ఇంజను, నాలుగు పెట్టెలు, గుండ్రముగా అమర్చుకొను పట్టాముక్కలు. నేలమీద పఱచి మీట త్రిప్పగానే బండి ముచ్చటగా కదలెను. సగము చుట్టు తిరిగి ప్రక్కకు ఒరిగెను. ఎత్తి పెట్టితిమి, మరల ఒరిగెను. నాలుగు దినములు ఇల్లంతయు సందడి. అయిదవనాడు పెట్టె అటుకెక్కెను. "చౌకసరకు. దీని ఇంజనులోనే యేదో లోపమున్నది" అని మేము తీర్పు చెప్పితిమి. సాక్ష్యము విచారింపకయే తీర్పు చెప్పుట మా వృత్తివలన అబ్బిన చనువు.

అది అటుకమీదనే యుండిపోవలసినది. కాని మాకు రైలన్న చిన్ననాటి మోహమొకటి కలదు. మా మాతామహులది పాతపట్నము ప్రాంతము. విజయనగరములో పెద్దబండి యెక్కి నౌపడాలో దిగి, అచ్చట చిన్నబండికి మాఱవలెను. అది పర్లాకిమిడి రాజావారు వేయించినది. 1900 సంవత్సరములో నౌపడానుండి పర్లాకిమిడివఱకు మొదట నడచినది; 1931 నాటికి గుణుపురము చేరినది. పట్టాలనడుమ ఎడము రెండడుగుల ఆఱంగుళములు మాత్రమే. మా బాల్యమున దానిని పొగయింజనే లాగుచుండెడిది. టెక్కలి దాటిన పిమ్మట అది పొలముల నడుమ నడచు తీరు చూచినచో, త్రోవలో నెవరైన పిలిచిన ఆగి క్షేమసమాచారము లడిగి పోవునేమో యనిపించెడిది. 2004 లో ఆ చిన్నపట్టాలను పెఱికి, ఆ స్థానమున పెద్దపట్టాలు వేయబూనిరి. దేశమునకది మేలే. మాకు మాత్రము ఆ చిన్నబండిని వసారాలోనైన మరల నడపవలెనను కోరిక మిగిలెను.

ఈ విద్యలో ఆఱితేఱినవారు వ్రాసిన పుస్తకములు చూడగా, వారందఱును మొదట చెప్పునది ఒక్కటే. కొండలు, స్టేషనులు, సొరంగములు తరువాత. ముందు ఒక పరీక్షాపట్టా వేసికొనుము. అనగా ఇంజనును, పెట్టెలను తెచ్చిన వెంటనే నడిపి, వాని గుణదోషములు తెలిసికొనుటకు మాత్రమే యేర్పఱచిన కొంత నిడివి పట్టా. పెద్ద రైళ్లకును ఇట్టివి కలవు. 1829 అక్టోబరులో ఇంగ్లండులోని రెయిన్‌హిల్ వద్ద ఇంజనులకు పందెము పెట్టినప్పుడు, లివర్‌పూల్–మాంచెస్టర్ మార్గములో సమతలముగా నున్న రెండుమైళ్లకు కొంచెము తక్కువ నిడివిగల తావునే యేరుకొని, దానిమీదనే మరల మరల త్రిప్పిరి. తుదకు స్టీఫెన్‌సనుగారి రాకెట్టొక్కటే నిలిచెను. చెకోస్లొవాకియావారు 1963 లో వెలిమ్ అను చోట 13 కిలోమీటరుల పైచిలుకు చుట్టుమార్గము వేసిరి. మనవారును రాజస్థానములో సాంభరు సరస్సు దాపున అట్టిదానిని నిర్మింపబూనిరి. ఇన్ని కోట్లు పోసి ఎక్కడికిని పోని పట్టాలు వేయుట యెందుకనగా, బండి తప్పినప్పుడు తప్పు బండిదని నిశ్చయముగ చెప్పగలుగుటకే. అట్లు చెప్పవలెనన్న పట్టాయందు ఏ తప్పును ఉండరాదు. ఈ చివరి వాక్యమును మేము చదివితిమి, క్రింద గీతయు గీచితిమి, అర్థము చేసికొనలేదు.

ఇక కొలతలు. మాకు వచ్చిన బండి అసలుదానిలో 87 వ వంతు. దాని పట్టాల నడిమి ఎడము 16.5 మి.మీ. పాశ్చాత్యదేశముల రైళ్లకిది సరిపోవును. మన పెద్దపట్టాల ఎడము 1676 మి.మీ.; దానిని 87 చే భాగింప 19 మి.మీ. పైచిలుకు వచ్చును. కావున ఈ కొలతలో మన పెద్దబండి బొమ్మను ఈ పట్టాలమీద నిలిపినచో, బొద్దుమనిషి బిగుతుచెప్పులు తొడిగినట్లుండును. కాని నౌపడా చిన్నబండి సంగతి వేఱు. దాని 762 మి.మీ. ఎడమును 87 చే భాగించితిమి: 8.76 వచ్చినది. ఇంతకంటె చిన్న రైలుబొమ్మలకై లోకమంతటను 9 మి.మీ. పట్టాలు దొరకుచున్నవి! ఆ రాత్రి ఈ లెక్క చేసి మేము పొందిన యానందము పిల్లలకు భాగహారము చెప్పిన ఇన్నేండ్లలో ఎన్నడును పొందలేదు.

వంపుల విషయమున మాత్రము ఎవరికైనను రాజీ తప్పదు. మన పెద్దలైనులో మిక్కిలి బిగువైన వంపునకు కూడ 175 మీటరుల వ్యాసార్ధముండవలెనని నియమము. దానిని నమ్మకముగ తగ్గించినను బొమ్మకు రెండు మీటరులు కావలెను. చుట్టు తిరుగవలెనన్న నాలుగు మీటరుల గది కావలెను. పెట్టెలో వచ్చిన పట్టాలవంపు 18 అంగుళములే. పెద్ద రైలునకది 40 మీటరుల వంపుతో సమానము. ఆ వంపులో ఏ డ్రైవరును బండిని పోనీయడు.

వడ్రంగిచేత నాలుగేసి అడుగుల పలకలు రెండు కోయించి, చివర చివర కలిపి బిగించితిమి. నూలు కొట్టి తిన్ననిగీత వేసితిమి. ఒక చివర కొంతభాగమును 60 సెంటీమీటరులకొక సెంటీమీటరు చొప్పున ఎత్తితిమి. మన కొత్తవలసనుండి అరకులోయ మీదుగా కిరండూలు పోవు లైను కొండ లెక్కు వాలు అంతే. పట్టాలు వేసిన లోహమును చూచి మా గృహిణి "ఇది మన పాతకంచముల జర్మన్ సిల్వరే కదా" అనెను. నిజమే. రాగి, తుత్తునాగము, నికెలు కలిపిన లోహము. పేరునందు తప్ప వెండి లేదు.

తీగెలను పట్టాకు టంకము పెట్టుట మా వలన కాలేదు. కాళిదాసునకు మల్లినాథుని వ్యాఖ్య చెప్పగల చేయి వేడికడ్డీ పట్టగానే వణకెను. బల్లమీద మూడు మచ్చలు, బొటనవ్రేలిమీద నొకటి పడినవి. మా తరగతి పిల్లలెవ్వరైన ఇట్టి పని చూపినచో సున్న వేసి పంపెడివారము. తుదకు ఏడవ తరగతి చదువుచున్న మా అమ్మాయి కడ్డీ పుచ్చుకొని, ముందు పట్టాను వేడిచేసి తరువాత టంకము తాకించి, ముత్యములవంటి చుక్కలు పెట్టెను. మా తల్లిగారు "ఆడపిల్లకు కాలితే ఎలారా" అని కేకవేసిరి. "పొయ్యి దగ్గర కాలితే ఎవరూ వద్దనరు కదా, మామ్మా" అని అది తలయెత్తకయే బదులు చెప్పెను. మా తల్లిగారు కొంతసేపు ఊరకుండి, తరువాత తానే వచ్చి దీపము దగ్గరగా జరిపిరి.

ఫాల్గుణమాసమున బండి నడచెను. పట్టాలకు పండ్రెండు వోల్టులకు లోబడిన విద్యుత్తు. మీట అటు త్రిప్పిన ముందునకు, ఇటు త్రిప్పిన వెనుకకు. చక్రముల లోపలి యెడము కొలిచితిమి. పెట్టెల బరువు తూచితిమి. పెట్టె మరీ తేలికయైన తప్పును. ఔన్సు బరువునకు తోడు నిడివిలో అంగుళమునకు అరౌన్సు చొప్పున ఉండవలెనని అమెరికా ఔత్సాహికుల సంఘమువారి లెక్క. కొన్ని పెట్టెలలో ఇనుపవాషరులు పెట్టితిమి. వేసవియంతయు మా యింట బండి పడలేదు.

వానలు వచ్చినవి. శ్రావణమాసములో నొకనాడు ఇంజను నడిమి కతుకువద్ద ఎగిరి పడెను. మరునాడును పడెను. "చెప్పితిని గదా, ఇంజనులోనే లోపమున్నదని" అని మేము మాకే చెప్పుకొంటిమి. చక్రములు విప్పి తుడిచితిమి, బరువు పెంచితిమి, ఆకురాతితో చక్రపుటంచును రాచితిమి. అన్నిటికంటె సిగ్గుపడవలసినదేమన, పట్టకారుతో ముందరి యిరుసును కొంచెము సాగదీసితిమి. నిర్దోషియైన చక్రము అప్పటినుండి దోషియయ్యెను. దానికి బదులు మరియొకటి తెప్పించుటకు రెండు నెలలు పట్టెను.

ఆ రోజులలోనే ఒక ఆదివారము ఉదయమున మా తరగతి పిల్లవాడొకడు గుమ్మమువద్ద నిలిచెను. తొమ్మిదవ తరగతి. వాని తండ్రి రైల్వేలో కీమేను. ఇప్పుడా యుద్యోగమునకు వేఱు పేరు పెట్టినారు గాని మా ఊరివారు కీమేననియే యందురు. పిల్లవాడు ఆంగ్లమున వరుసగా మూడు పరీక్షలు తప్పెను. తలిదండ్రుల సమావేశమునాడు మేము ఆ తండ్రితో, "వీనికి చదువు అబ్బునట్లు లేదు. ఏదైన పనిలో పెట్టుట మేలు" అని చెప్పియుంటిమి. సదుద్దేశముతోనే చెప్పితిమి. ఆ మాటను పట్టుకొని ఆయన వానిని హైదరాబాదులో నున్న చుట్టములవెంట పనికి పంప నిశ్చయించెను. బడి విడిచిపోవుటకు కావలసిన కాగితముకొఱకు పిల్లవాడు అర్జీ తెచ్చెను.

మేము అర్జీ చదువుచుండగా వాడు బల్లవంక చూచెను. మా అమ్మాయి బండి నడపి చూపెను. ఇంజను అతుకువద్ద యథాప్రకారముగ పడెను. వాడు రెండవమారు నడపుమనెను. పడెను. పెట్టెను ముందు పెట్టి ఇంజనును వెనుకనుండి త్రోయుమనెను. అప్పుడు పెట్టె పడెను, అదే చోట. అంతట వాడు మోకాళ్లమీద కూర్చుండి, చెంప బల్ల కానించి, ఒక కన్ను మూసి పట్టావెంబడి చూచెను.

"బండికేటీ నేదండి, మాస్టారూ. ఇక్కడ పట్టా లేసింది" అనెను.

రసమట్టము పెట్టి చూచితిమిగదా యంటిమి. దానికది తెలియదండి, కన్నేసి సూడాల యని వాడు మమ్మును క్రింద కూర్చుండబెట్టెను. మేమును చెంప బల్లకానించి ఒక కన్ను మూసితిమి. చెమ్మకు పలకలలో నొకటి ఉబ్బి, అతుకువద్ద ఒక పట్టా చివర రెండవదానికంటె పోస్టుకార్డు మందమున పైకి లేచియుండెను. పైనుండి చూచువారికి తెలియదు. తలవంచి పట్టా మట్టమునకు కన్ను దించినవానికి కొండవలె కనబడును.

"ఇది నీకెట్లు తెలియును?"

"మా అయ్య సెప్తాడండి. అన్ని బళ్లూ ఒక్క కాడే గెంతితే అది పట్టా తప్పండి. ఒక్క బండే అన్ని కాడలా గెంతితే, అది బండి తప్పండి."

ఇంతకుమించి వాడేమియు చెప్పలేదు. పాతకార్డుముక్క యడిగి తీసికొని, తక్కువగానున్న పలకక్రింద దోపి, మరమేకు వదులుచేసి మరల బిగించెను. బండి పోయినది, వచ్చినది. వాడు నవ్వలేదు. "కాయితం, మాస్టారూ" అని జ్ఞాపకము చేసెను. రేపు బడిలో చూతమని పంపివేసితిమి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. బీరువాలోనుండి గడచిన పరీక్ష కాగితములు తీసితిమి. మా అలవాటు పిల్లవాని వెంట పిల్లవాని కాగితము దిద్దుట. ఆ రాత్రి ప్రశ్న వెంట ప్రశ్న చూచుకొంటిమి. తరగతిలో 38 మంది. కర్తరి వాక్యమును కర్మణి వాక్యముగ మార్చుమన్న ప్రశ్నయొద్ద 23 మంది పడిరి. ఒక్కచోటనే పడిరి. దానినానుకొని వచ్చు తరువాతి రెండు ప్రశ్నలలోను వారే దొర్లిరి. పెట్టె తప్పిన తరువాత వెనుకటి పెట్టెలు నిలుచునా?

ఆ పాఠమును మేమెట్లు చెప్పితిమో జ్ఞప్తికి తెచ్చుకొంటిమి. మాకు సులభముగా నుండునని సంస్కృత వ్యాకరణమునుండి యెత్తుకొంటిమి: కర్త తృతీయావిభక్తిలో, కర్మ ప్రథమలో, క్రియ కర్మననుసరించి యుండును. ఆ పిల్లలలో సంస్కృతము తెలిసినవారు నలుగురైన లేరు. పోనీ తెలుగునుండి చెప్పుదమన్న, వారి యిండ్లలో 'అన్నము నాచేత తినబడినది' అని పలుకువారెవ్వరు? మేమే ఇట్లు కాగితముమీద పలుకుచుందుము. ఆ చిన్నబండి మొదట నడచిన నాటికి పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు పిల్లలకు వారు పలుకు భాషలోనే చెప్పవలెనని జీవితమంతయు పోరాడిరి. ఆయన శిష్యులమని చెప్పుకొనుటకు ఈ వ్యాసముయొక్క భాషయే మాకు అడ్డు.

మిగిలిన 15 మందిలో పలువురు ట్యూషనులకు పోవువారు. ఎవరో వారికి అతుకుక్రింద కార్డుముక్క పెట్టియుందురు. కీమేను కుమారునకు అట్టివారు లేరు. వాని కాగితమును వేఱుగ చూచితిమి. ఒక చిన్న ఉత్తరము వ్రాయవలసిన ప్రశ్నకు వాడు రైలు గేటువద్ద కాపలా గుఱించి ఆఱు వాక్యములు వ్రాసెను. అక్షరదోషములు పదికి తక్కువ లేవు. అర్థము మాత్రము ఒక్కచోటను తప్పలేదు. దానికి మేమిచ్చినది ఒకటిన్నర మార్కు. ఎఱ్ఱసిరాతో 'నిర్లక్ష్యము' అని కూడ వ్రాసియుంటిమి.

మరునాడు సాయంకాలము గేటవతలనున్న వారి యింటికి పోయితిమి. ఆయన అప్పుడే డ్యూటీ దిగి వచ్చి కాళ్లు కడుగుకొనుచుండెను. సుత్తి, స్పానరు గోడకానించి యుండెను. పొద్దున్నుండి తన హద్దులోని లైనంతయు నడచి, బిగువు తప్పిన క్లిప్పులను కొట్టి బిగించుట ఆయన పని. మమ్ము చూచి కంగారుపడి కుర్చీ తెచ్చెను. చెప్పవలసినది త్రోవపొడుగున కూర్చుకొంటిమి గాని, తీరా నోరు విప్పగా, "పిల్లవానిని పంపవద్దు. మేము చెప్పినది తప్పు" అను రెండు మాటలే వచ్చినవి.

ఆయన కొంతసేపు మాటాడలేదు. తరువాత, "తమరే కదండీ అన్నారు. తమరు మాస్టారు, తమరికి తెలియదా అని నేను టికెట్టు కూడా తీసేసినానండి" అనెను. అందు నిష్ఠురము లేదు. నిష్ఠురముండిన మాకు కొంత సుఖముగా నుండెడిది. పిల్లవాని తల్లి తలుపుచాటునుండి, "ఈసారి తప్పితేనో బాబూ?" అని యడిగెను. తప్పడని మేము చెప్పలేకపోయితిమి. ఆ పాఠము మరల మొదటినుండి చెప్పెదమనియు, తరగతి కంతకును చెప్పెదమనియు, వార్షికపరీక్షల వఱకు ఓపికపట్టుడనియు మాత్రము చెప్పితిమి. టికెట్టు సొమ్ము మే మిచ్చెదమనగా ఆయన వలదనెను. ఎట్టకేలకు మార్చివఱకు ఒప్పుకొనెను.

పాఠము మరల చెప్పుచున్నాము. సంస్కృతము మానితిమి. 'గేటు వేసినారు, ఎవరు వేసినారో మనకు పనిలేదు' అని మొదలుపెట్టగా మునుపటికంటె ఎక్కువమందికి అందినది. అందఱికిని అందలేదు. మొన్నటి చిన్నపరీక్షలో 23 మందికి బదులు 9 మంది పడిరి. కీమేను కుమారుడా తొమ్మిదిమందిలో నున్నాడు. వాని విషయమున లోపమెచ్చట నున్నదో ఇంకను వెదకుచున్నాము.

ఆదివారములందు వాడు మా యింటికి వచ్చును. మొదట ఒక గంట ఆంగ్లము, తరువాత బల్ల. నౌపడా బండికొఱకు తెప్పించిన 9 మి.మీ. ఇంజనుకై వేఱు బల్ల కట్టించుటకు వసారాలో చోటు లేకపోగా, ఉన్న రెండు పట్టాల లోపలనే, ఒకదానికి 9 మి.మీ. ఎడముగ మూడవ పట్టా వేయవచ్చునని వాడే చెప్పెను. రెండు కొలతల బండ్లు ఒక్కదారిని పోవలసినచోట పెద్ద రైళ్లవారును అట్లే వేసియుండిరి. చక్రముల అంచులు తగులకుండ స్లీపర్లపై నెంత చోటు విడువవలెనో వాడును మా అమ్మాయియు రెండు దినములు తగవులాడి తేల్చిరి. టంకము అమ్మాయి పెట్టినది. మేము దీపము పట్టుకొంటిమి.

చిన్నయింజను నిన్న తిన్నని భాగమున చక్కగ నడచెను; వాలు మాత్రము ఎక్కలేక మధ్యలో నిలిచిపోవుచున్నది. ఒక పెట్టె తీసివేసినను నిలిచినది. పెద్దయింజను అదే వాలును నాలుగు పెట్టెలతో ఎక్కుచున్నది. కావున ఇది పట్టా తప్పు కాదని అమ్మాయి వాదము. పట్టాకు మసి పట్టినదేమో, బరువుబండి దానిని లెక్కచేయక పోవుచున్నదేమో, తుడిచి చూడకుండ ఏమియు అనరాదని వాని వాదము. వచ్చు ఆదివారము తుడిచి చూచెదము.